తెర మీద ఇరవై ఎనిమిది

నమోదు 1

సరుకు లారీలో కొత్త నీటి కూలర్ వచ్చింది. పెట్టె చుట్టూ కమిటీవారంతా చేరారు. పంపు ఎంత బలమైనదని ఒక్కరూ అడగలేదు. నీళ్లు కారితే ఏం చెయ్యాలని కూడా అడగలేదు. దాని మీద ఉన్న అరచేయంత గుండ్రటి తెరలో రంగులు ఎన్ని వస్తాయని మాత్రం అడిగారు. ఆ తెర ఉంది కనకే ఈ రకం తెప్పించారని నాకు అప్పుడు అర్థమైంది.

కూలర్ గుమాస్తా కోసం. క్వారీ గుంతలో కట్టుకున్న మా ఊరు నాపగుంతలో ఏ ఇంటి గొట్టంలోకి ఎంత చల్లగాలి వదలాలో లెక్కకట్టే కంప్యూటరును మేమంతా గుమాస్తా అంటాం. పగలు క్వారీ పైకి ఎక్కినవాళ్లు చెప్పులు రాతికి అంటుకుపోయి వట్టి కాళ్లతో దిగివచ్చే రోజులివి. గుమాస్తా లెక్క తప్పితే ఇక్కడ ఊపిరి ఆడదు. పై మెట్టులో కమిటీవారు, నడి మెట్టులో దుకాణాలవారు, అడుగు మెట్టులో నాపరాయి కోసే మావాళ్లు. గాలి కూడా ఆ వరుసలోనే దిగుతుంది.

మా ఇంట్లో బడికి వెళ్లినదాన్ని నేనొక్కదాన్నే. నన్ను తెర బాధ్యురాలిగా వేశారు. ఇట్లాంటి ఉద్యోగం ఇంతకుముందు లేదు. "సుంకులూ, ఇది చరిత్రలో మొదటి పోస్టు" అన్నారు మా పర్యవేక్షకులు శేషశయనం సార్. నాకు గర్వంగానే అనిపించింది. అందులో దాచేదేం లేదు.

నమోదు 2

ఇవాళ బిగించాం. కూలర్ దిమ్మె అడుగున రాగి పలక ఉంటుంది. అది ప్రాసెసర్‌ను అంటుకుని కూర్చోవాలి. ప్రాసెసర్ వేడి రాగిలోకి, రాగి నుంచి నీళ్లలోకి, నీళ్ల నుంచి ఫ్యాన్లలోకి పోవాలి. రాగి పలక మీద పల్చటి ప్లాస్టిక్ పొర ఉంది. కూలర్‌తో వచ్చిన పుస్తకంలో బొమ్మ వేసి మరీ చూపించారు: బిగించే ముందు ఈ పొర ఒలవండి.

నేను గోరు పెట్టబోయాను.

"ఆగమ్మాయ్! ఏం చేస్తున్నావ్?" సార్ అరిచారు.

"పొర తీస్తున్నాను సార్."

"నువ్వా? పొర ఒలుపు హక్కు ఎవరిది?"

ఇది తెలియనివాళ్లు నాపగుంతలో లేరు. ఇక్కడికి కొత్త వస్తువు రావడమే అరుదు. అందుకని పొర ఉన్నంతకాలం ఆ వస్తువు కొత్తదే. ఊరి సొత్తయితే పొర ఒలిచే గౌరవం కమిటీ అధ్యక్షులు తిమ్మప్ప గారిది. సొంత వస్తువులకైతే అసలు ఒలవరు. పై మెట్టులో ఫ్రిజ్‌లన్నీ బుడగలు లేచిన ప్లాస్టిక్‌తోనే ఉంటాయి. సార్ కళ్లద్దాల మీద దుకాణం చీటీ ఇంకా ఉంది. ఆయన ఎడమ కంటితో ఏం చూడాలన్నా కొంచెం మెడ తిప్పి చీటీ పక్కనుంచి చూస్తారు.

"అధ్యక్షులవారినే పిలుద్దాం సార్."

"తెర పొరకు ముహూర్తం ఎల్లుండి. ఈ అడుగు పొర కోసం ఆయన ఇవాళొచ్చి నేల మీద కూర్చోవాలా?"

"ఒలవకుండా బిగిస్తే వేడి రాగికి అందదు సార్."

"ఒలవొద్దని నేనన్నానా? తర్వాత ఒలుద్దాం అంటున్నా. బిగించాక అది ఎవరికీ కనిపించదు. కనిపించనిదానికి తొందరేమిటి?"

ప్రాసెసర్ మీద వేడిని దాటించే వెన్నలాంటి ముద్ద పూసి, పొరతో సహా దిమ్మెను దాని మీద పెట్టి నాలుగు మూలలా బిగించారు. గుమాస్తాను ఆపే తాళంచెవి అధ్యక్షులవారి మొలతాడుకు ఉంటుంది. బిగించడానికని గంటసేపు అడిగి తెచ్చుకున్నాం, ఇచ్చేశాం. ఇక ఆయన ఇష్టం లేకుండా ఆ దిమ్మెను ఎవరూ విప్పలేరు.

నమోదు 3

రోజంతా తెర పనే. డేటా తీగ తగిలించి, అధ్యక్షులవారి ఫోటో ఎక్కించాను. తెర వెలిగింది. అధ్యక్షులవారు తలకిందులుగా ప్రత్యక్షమయ్యారు.

నీటి గొట్టాలు కుడివైపు రావాలని దిమ్మెను తిప్పి బిగించాం కదా, దానితోపాటు తెరా తిరిగింది. సార్‌కు చెమటలు పట్టాయి. "గుమాస్తా పెట్టెనే తలకిందులు చేద్దామా?" అన్నారు. నిజంగానే అన్నారు. నేను మెనూలో బొమ్మను తిప్పే మీట వెతికి నొక్కాను. అధ్యక్షులవారు నిటారుగా నిలబడ్డారు. సార్ తెరకు దండం పెట్టారు.

తర్వాత తలపాగా సమస్య. ఫోటో నలుచదరం, తెర గుండ్రం. మొహం సరిపోతే తలపాగా తెగిపోతోంది. తలపాగా పట్టేట్టు చిన్నది చేస్తే మొహం కందిగింజంత అవుతోంది. అధ్యక్షులవారి ఇంటికి కబురు వెళ్లింది. జవాబు వచ్చింది: "తలపాగా ముఖ్యం."

చివరికి కింద అంకె. తెర మీద ఏ వేడి చూపించాలో ఎంచుకోమని జాబితా వస్తుంది: నీటి వేడి, ప్రాసెసర్ వేడి, ఫ్యాన్ల వేగం, గడియారం. నీటి వేడి ఇరవై ఎనిమిది. ప్రాసెసర్ వేడి అప్పటికే తొంభై దాటింది.

"ప్రాసెసర్ వేడి పెడదాం సార్, అదే అసలుది."

"తొంభై రెండా? అధ్యక్షులవారి గడ్డం కింద తొంభై రెండు రాయిస్తావా?" సార్ మెడ తిప్పి, చీటీ పక్కనుంచి నన్ను చూశారు. "నీళ్ల అంకె పెట్టు. ఇది నీటి కూలర్. నీటి గురించి చెప్పాలి."

పెట్టాను.

నమోదు 4

పొర ఒలుపు వైభవంగా జరిగింది. కొబ్బరికాయ కొట్టారు. ఫ్యాన్లకు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టారు. అధ్యక్షులవారు తెర మూల గోటితో గీరి, చాలాసేపు గీరి, చివరికి పట్టు దొరికి పొరను సర్రున లాగారు. చప్పట్లు. పొరను మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఇరవై ఎనిమిది!" అన్నారు తెర చూసి. "ఇంత మండుటెండలో నా ఊరి గుండె ఇరవై ఎనిమిది!"

రెండో పొర సంగతి ఎత్తబోయాను. సార్ నా చేతిలో కొబ్బరి చెక్క పెట్టారు.

నమోదు 5

మధ్యాహ్నం ఇంటికి వెళ్లాను. మా మెట్టులో గాలి గొట్టం మూతి దగ్గర అరచెయ్యి పెడితే ఉఫ్‌మని ఊదినంత కూడా లేదు. మా అక్క ఉసేనమ్మ పచ్చి బాలింత. పాపను తడిగుడ్డ మీద పడుకోబెట్టింది. పాప మెడంతా చెమటకాయలు.

మా అమ్మ మద్దమ్మ తాటాకు విసనకర్రతో విసురుతోంది. నన్ను చూసి ఆపలేదు.

"ఏం పాపా, మీ గుమాస్తా నిద్రపోతాండాడా?"

"లేదుమా. కొత్త కూలర్ పెట్టినాం."

"పెట్టినంక ఇట్లయితాంది, పెట్టకముందే మేలుండ్య. పెట్టినోళ్లు ఎవురు?"

నేను గొట్టం మూతి దగ్గర మళ్లీ చెయ్యి పెట్టి చూశాను.

"ఉసేనీ, నీ చెల్లెలే పెట్టిందంటమే. చదువుకున్న చెయ్యి!" అంది అమ్మ. అక్క నవ్వబోయి, ఓపిక లేక మానేసింది.

తిరిగి వెళ్లి చూశాను. ప్రాసెసర్ తొంభై ఏడు. అంత వేడెక్కితే గుమాస్తా తనను తాను కాపాడుకోవడానికి మెల్లబడుతుంది. మెల్లబడితే అన్ని ఇళ్ల లెక్కా వెయ్యలేదు. పై మెట్టు నుంచి మొదలుపెట్టి వేసుకుంటూ వస్తుంది. గంట గంటకూ లెక్క కొత్తగా వెయ్యాలి కనక, అడుగు మెట్టు దగ్గరికి వచ్చేసరికి గంట అయిపోతుంది, మళ్లీ పై నుంచి మొదలు. మాకు గాలి వద్దని దానికి ఎవరూ చెప్పలేదు. మా వంతు రావడం లేదు, అంతే.

దిమ్మె నుంచి బయటికొచ్చే నీటి గొట్టాన్ని ఒక చేత్తో, లోపలికి పోయే గొట్టాన్ని ఒక చేత్తో పట్టుకున్నాను. రెండూ ఒకేలా చల్లగా ఉన్నాయి. నీళ్లు ఉత్తినే చుట్టూ తిరిగి వస్తున్నాయి. పొర అడ్డం ఉండబట్టి కింద కాలుతున్న సంగతి వాటికి తెలియదు. అందుకే అంత చల్లగా ఉన్నాయి. తెర మీద ఇరవై ఎనిమిది అబద్ధం కాదు. ఆ నీళ్ల వరకు అది పచ్చి నిజం.

నమోదు 6

కమిటీ ముందు మాట్లాడే అవకాశం ఇచ్చారు. పొర గురించి, రాగి గురించి, మా మెట్టు గురించి చెప్పాను. మర్యాదగా విన్నారు. కమిటీ గది చల్లగా ఉంది. ఒకావిడ శాలువా కప్పుకుని ఉంది.

"అమ్మాయీ, తెర ఎంత చూపిస్తోంది?" అడిగారు అధ్యక్షులవారు.

"ఇరవై ఎనిమిదండి. కానీ అది నీళ్ల..."

"ఇరవై ఎనిమిది అని నువ్వే అంటున్నావ్. వేడి అనీ నువ్వే అంటున్నావ్. ఏదో ఒకటి అను తల్లీ."

"దిమ్మె విప్పి అడుగు పొర ఒలవాలండి. తమరొచ్చి ఒక్క గంట తాళం తిప్పితే చాలు."

"తాళం తిప్పితే తెర ఆరిపోతుందిగా?"

"ఆరిపోతుందండి."

"నా బొమ్మ ఆరిపోతుంది." ఆయన అందరి మొహాలూ చూశారు. అందరూ నాలుక కరుచుకున్నారు. శాలువా ఆవిడ "శివశివా" అంది. బతికున్న మనిషి బొమ్మ ఆర్పడం అశుభం. అదీ మంచి రోజు చూసి వెలిగించినది.

"అసలు ఇబ్బంది ఏమిటంటే," అన్నారు శేషశయనం సార్, లేచి నిలబడి, "అడుగు మెట్టువారికి తెర కనిపించదు. చల్లగా ఉన్న సంగతి వాళ్లకు తెలియదు. తెలియకపోతే ఉక్కపోసినట్టే ఉంటుంది."

తీర్మానం చేశారు. అడుగు మెట్టులో ఇంకో తెర పెట్టాలి. బిగించే బాధ్యత నాది.

నమోదు 7

పెట్టాను. మావాళ్లు నీళ్లు పట్టుకునే చోట, నాపరాతి గోడకు పెద్ద తెర. గుమాస్తా తెర మీద ఏం పడితే ఇక్కడా అదే పడుతుంది. తలపాగాతో అధ్యక్షులవారు, కింద ఇరవై ఎనిమిది, చుట్టూ తెల్లగా మంచు రాలుతున్నట్టు బొమ్మ. మంచు సార్ ఆలోచన. మా మెట్టులో మంచు చూసినవాళ్లెవరూ లేరు.

రాయి కోసే మా పక్కింటి బాలుడన్న చొక్కా విప్పి పిండుకుంటూ వచ్చాడు. "ఏందిది రాల్తాండాది? పిండి మిషనా?"

"మంచు అన్నా."

"ఆయప్ప మిందనే రాల్తాంది సూడు. మన మింద రాల్దా?"

"ఇరవై ఎనిమిదంట," అన్నాడు ఇంకొకాయన. "నాకు మూర్ఖం ఎక్కువ, అందుకే చెమట పడతాంది."

అందరూ నవ్వారు. అమ్మ బిందె పట్టుకుని వచ్చి తెరను పైనించి కిందికి చూసింది. "సుంకులూ, ఆ సల్లటి నీళ్లేవో ఇట్ల పంపమనరాదా, తాగుతాం. సూసి ఏం జేసుకోవాల?"

కొంగుతో తెర తుడిచింది. తుడిచినా మంచు పోలేదు. "పొర తియ్యలేదేమే దీనికి?" అంది.

తియ్యలేదు. ముహూర్తం ఇంకా పెట్టలేదు.

నమోదు 8

పాప పొద్దుటి నుంచి పాలు తాగడం లేదు. ఏడవడం కూడా మానేసింది. నిన్న ఏడుస్తుంటే భయమేసింది, ఇవాళ ఏడవకపోతే ఇంకా భయంగా ఉంది. అక్క పాప అరికాలు గిల్లింది. పాప కళ్లు సగం తెరిచి మళ్లీ మూసింది.

అమ్మ నాతో ఎగతాళి మాట ఒక్కటీ అనలేదు. "పో పాపా. ఏమన్నా చెయ్యి, పో," అంది.

పై మెట్టుకు ఎత్తుకెళదామంటే అడుగు మెట్టు పిల్లల్ని లోపలికి రానివ్వరు, చెమటకాయలు అంటుకుంటాయట. వైద్యుడు తడిగుడ్డ, చల్లగాలి అన్నాడు. తడిగుడ్డ ఉంది.

గుమాస్తా గదికి వచ్చాను. తాళంచెవి నా దగ్గర లేదు, దిమ్మె విప్పలేను. నా చేతిలో ఉన్నది తెర ఒక్కటే. జాబితా తెరిచి నీటి వేడి తీసేశాను, ప్రాసెసర్ వేడి పెట్టాను. అంకె ఎర్ర రంగు. ఫోటో కాస్త జరిపి ఆ అంకెను గడ్డం కింద నుంచి నుదుటి మీదికి మార్చాను. మంచు ఆపేశాను.

తొంభై ఎనిమిది.

నమోదు 9

అరగంట పట్టలేదు. తెర మీద అంకె చూసి గుమాస్తా గది ముందు పై మెట్టు మొత్తం చేరింది. శాలువా ఆవిడ శాలువా తీసేసి విసురుకుంటోంది. ఒకాయన చొక్కా గుండీలు విప్పేశాడు. "నాకు ఇందాకటి నుంచీ ఒళ్లు మండిపోతోంది," అన్నాడు, "నేను చెప్పలేదు గానీ." వాళ్ల గొట్టాల్లో గాలి ఎప్పటిలాగే వస్తోంది. వెళ్లి చూసి వచ్చాను కూడా. ఈదురుగాలిలా వస్తోంది.

అధ్యక్షులవారు తన నుదుటిని ముట్టుకుని చూసుకున్నారు. తెర మీద నుదురు కాదు, అసలు నుదురు.

"ఏమిటిది? నాకేమైంది?"

"అడుగు పొరండి," అన్నాను. "తమ చెయ్యి పడాల్సిన పొర ఇంకొకటి ఉండిపోయింది."

సార్ వెంటనే అందుకున్నారు. "నేను మొదటి రోజే అన్నాను అయ్యా! ఆ పొర అధ్యక్షులవారే ఒలవాలని ఈ అమ్మాయి చేతిని ఆపింది నేనే!" అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

"బొమ్మ ఆరిపోతుందే?" అంది శాలువా ఆవిడ.

"నుదుటి మీద తొంభై ఎనిమిదితో వెలగడం కంటే కాసేపు ఆరడమే నయం," అన్నారు అధ్యక్షులవారు. ఈ ఊళ్లో ఆయన నోటి నుంచి నేను విన్న మొదటి తెలివైన మాట అది.

మొలతాడు నుంచి తాళం విప్పి ఇచ్చారు. గుమాస్తా ఆగింది. ఊరంతా గొట్టాలు మూగపోయాయి. నాలుగు మూలలా విప్పి దిమ్మెను ఎత్తి పట్టుకున్నాను. పొర కాలి, ముడుచుకుని, వేయించిన వడియంలా అయింది. ఆయన నేల మీద కూర్చుని, గోటితో గీకి గీకి ఒలిచారు. ఒలుస్తూ వేలు చురుక్కుమంది కాబోలు, "అబ్బా" అన్నారు. చప్పట్లు కొట్టారు. కొత్త ముద్ద పూసి, రాగిని ప్రాసెసర్‌కు ఆనించి బిగించాను. తాళం తిప్పారు.

నేను తెర చూడలేదు. పరిగెత్తి కిందికి పోయాను. గొట్టం మూతి దగ్గర అక్క పాపను రెండు చేతులా ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది. గాలికి పాప జుట్టు కదులుతోంది. చాలాసేపటికి పాప మొహం చిట్లించి, నోరు ఇంత తెరిచి, మెట్టంతా వినబడేట్టు ఏడ్చింది.

"ఏడువు, ఏడువు," అంది అమ్మ. "నీ యబ్బ సొమ్మేం పోదు, ఏడువు."

నమోదు 10

ప్రాసెసర్ అరవై ఒకటి. అన్ని ఇళ్లకూ లెక్క అందుతోంది. కాలిన పొరకు అద్దం కట్టించి కమిటీ గదిలో, అధ్యక్షులవారు జేబులో దాచుకున్న తెర పొర పక్కన పెట్టారు. సార్‌కు సన్మానం చేశారు. తెర మీద మళ్లీ నీటి వేడి పెట్టమన్నారు. పెట్టాను.

నలభై ఒకటి.

ఇది ఇట్లాగే ఉండాలి. ఇప్పుడు వేడి నీళ్లకు అందుతోంది, నీళ్లు దాన్ని మోసుకుపోతున్నాయి. నీళ్లు పనిచేస్తున్నాయి కనక వెచ్చగా ఉన్నాయి. కమిటీవారికి ఇదంతా చెప్పాను. బొమ్మ గీసి చెప్పాను.

"మునుపు ఇరవై ఎనిమిది," అన్నారు అధ్యక్షులవారు. "బాగు చేశాక నలభై ఒకటి. దీన్ని మీ బడిలో బాగు అంటారా?"

"అడుగు మెట్టులో గాలి వస్తోందండి."

"వస్తోంది. నలభై ఒకటి కూడా వస్తోంది."

తీర్మానం: పొరను అద్దంలోంచి తీసి, అంటించడానికి వీలుంటే అదీ, లేకుంటే అలాంటి కొత్త పొరా, రాగి మీద యథాస్థానంలో అతికించాలి. రేపు పొద్దున ముహూర్తం. తాళంచెవి అధ్యక్షులవారే స్వయంగా తెస్తారు.

నమోదు 11

పొద్దున్నే అందరికంటే ముందు వచ్చాను. తెరలో ఫోటో మార్చే చోట బొమ్మలే కాదు, అంకెలూ బొమ్మగా ఎక్కించవచ్చు. అధ్యక్షులవారి ఫోటో మీద, గడ్డం కింద, అసలు అంకె వచ్చే చోటే, అచ్చం అదే అంకెల తీరులో 28 అని గీశాను. అసలు అంకెను జాబితాలోంచి తీసేశాను. మంచు మళ్లీ పెట్టాను, ముందుకంటే ఎక్కువ.

నేను బడిలో లెక్కల్లో మొదటి మార్కు తెచ్చుకున్నదాన్ని. లెక్క తప్పని తెలిసి రాయడం ఇదే మొదటిసారి. మొదటిసారికే తీరుగా కుదిరింది. అదే నాకు బాధగా ఉంది.

కమిటీవారు పొర, జిగురు, తాళంచెవి, కొబ్బరికాయ పట్టుకుని వచ్చారు. సార్ మెడ తిప్పి తెర చూశారు.

"ఇరవై ఎనిమిది! పొర పెట్టకముందే దిగింది!"

"దిగింది సార్."

"అధ్యక్షులవారు తాళం పట్టుకుని బయల్దేరారో లేదో దిగింది. హస్తవాసి అంటే అది!"

అధ్యక్షులవారు కాదనలేదు. కొబ్బరికాయ మాత్రం కొట్టేసి వెళ్లారు. సార్ ఈ చిట్టాలో ఏం రాస్తున్నావని అడిగారు. అంతా రాస్తున్నానన్నాను. ఎవరు చదువుతారు గనక, రాసుకో, అన్నారు.

మధ్యాహ్నం ఇంట్లో అన్నం తింటూ అమ్మకు చెప్పాను.

"అంటే ఆ అంకె అబద్ధమా?" అంది.

"అబద్ధమేమా."

"గాలి?"

"గాలి నిజం."

"ఇంగేం," అంది అమ్మ, నా పళ్లెంలో ఇంకో ముద్ద పెట్టి. "నువ్వు సదివింది ఇందుకు కాదులే పాపా," అని కూడా అంది. ఆ ముద్ద తినేశాను. పాప చీర ఉయ్యాలలో నిద్రపోతోంది. గోడ తెర దగ్గర ఎవరూ లేరు.

నా తర్వాత ఈ పనికి వచ్చేవారికి: పొరలు ఎక్కడున్నా ముందు రాగివి ఒలవండి, తర్వాత అడగండి. తెర వెనక ఎడమవైపు చిన్న మీట ఉంది. నొక్కి పట్టుకుంటే ప్రాసెసర్ అసలు వేడి కనిపిస్తుంది. రోజుకొకసారి తప్పకుండా చూడండి. తలుపు వేసుకుని చూడండి.